కంటికి వచ్చిన ప్రసాదము

సాయంకాల లింగపూజకై స్నానము చేసి, విభూతి ధరించి, పీటపై కూర్చొనబోవుచున్న ఒక గృహస్థునకు ఆయన చిన్న కుమారుడు సెల్‌ఫోనులో ఒక ఛాయాచిత్రమును చూపెను. అది కూడలసంగమమున సూర్యాస్తమయము. కృష్ణా మలప్రభలు కలియు తావున నీరు నిండుగా నున్నది. ఎఱ్ఱని బింబము నీటిని తాకుటకు బెత్తెడు ఎడము మాత్రమే మిగిలియున్నది. బింబమునుండి ఒడ్డువరకు కుంకుమరంగు బాట యొకటి నీటిపై పరచుకొని యున్నది. ఒకప్రక్క బసవేశ్వరుని ఐక్యమంటపమును కాపాడు గుండ్రని కట్టడము నల్లని నీడవలె నిలిచియున్నది. చిత్రమున మనుష్యులెవ్వరును లేరు.

జహీరాబాదు ప్రాంతపు ఆ గృహస్థునకు డెబ్బదియేండ్లు. వయసున నున్నపుడు రెండుమారులు సంగమమునకు పోయివచ్చినవాడు. మోకాళ్లు సహకరింపక పదేండ్లుగా ఊరు దాటనివాడు. ఆ చిత్రమును చూచి ఆయన పూజవేళను మరచెను. "సంగమనాథుడు మన యింటికే వచ్చినాడు చూడు" అని భార్యను పిలిచెను. వ్రేళ్లతో చిత్రమును పెద్దది చేసి నీటి అలలను చూచెను, మంటపమును చూచెను, మరల బింబమును చూచెను. దీనికి చట్రము కట్టించి పూజగదిలో పెట్టవలెనని కుమారునితో చెప్పెను. ఆ పిమ్మటనే "ఎవరు పంపినారు?" అని అడిగెను.

కుమారుడు పలుకలేదు. తల్లియే చెప్పెను: "పెద్ద బిడ్డ పంపింది. అందరికీ పంపింది."

తండ్రి సెల్‌ఫోనును గూటిలో పెట్టి పీటపై కూర్చొనెను. ఆనాడు లింగముపై ఆయన దృష్టి నిలువలేదు.

ఆ పెద్ద బిడ్డ ఆరేండ్లక్రిందట తాను కోరుకొన్న యువకుని వివాహమాడెను. వరుడు పుట్టుకచే లింగవంతుడు కాడు. వివాహమునకు ముందు మఠమున లింగదీక్ష పొందినవాడు. తండ్రికి ఆ దీక్ష చాలలేదు. నాటినుండి ఆయన బిడ్డతో మాటాడలేదు, ఆమె పేరు తలపనీయలేదు. ఆయన కఠినాత్ముడని దీనినిబట్టి ఎంచుట న్యాయము కాదు. చిన్నపిల్లల సంబంధములకు అడ్డు వచ్చునేమో యను భయము, బంధువుల నోళ్లు, తన్నడుగక చేసినదన్న నొప్పి, ఇవన్నియు ఆయన కోపమున కలసియున్నవి. ఇట్టి తండ్రులు వీరశైవ సమాజమున నొక్కరు కారు. కావుననే ఆ సాయంకాలపు చిన్న సంగతి ఆ యింటి గడప దాటి విచారింపదగినదైనది. ఆ చిత్రమును చూచి ఆయన పొందిన ఆనందము ఎట్టిది? పంపినవారెవరో తెలిసిన తరువాత దానిని ఉంచుకొనుటకు ఆయనకు అర్హత కలదా?

మొదట, ఆనందించుటయే దోషమా యను ప్రశ్న. పూజవేళ కన్నులకు విందు కోరుట భక్తునకు తగదని కొందరు పెద్దలు చెప్పుదురు. ఇంద్రియసుఖమును గూర్చి లోకమున రెండు త్రోవలు ప్రసిద్ధములు. ఒకటి విడిచిపెట్టుమనును, రెండవది తనివితీర అనుభవింపుమనును. శరణులు ఈ రెంటికిని తల యూపలేదు. ఇంద్రియములను బలిమిచే అణచినచో అవి మఱింత బలముతో ఎదుటికి వచ్చి పీడించునని బసవేశ్వరుడు హెచ్చరించెను. ఆయన సంసారి, బిజ్జలుని కొలువున భాండారము చూచిన అధికారి, లోకమును విడిచిపోయి మాటాడినవాడు కాడు. శరణులు చూపినది అర్పణమార్గము. అనుభవమునకు వచ్చిన ప్రతి వస్తువును మొదట లింగమునకు అర్పించి, అటుపై ప్రసాదముగా గ్రహించుట. ప్రసాదమనగా పళ్లెములోని పదార్థము మాత్రమే కాదు. షట్‌స్థల శాస్త్రమున ఒక్కొక్క ఇంద్రియమునకు ఒక్కొక్క లింగము చెప్పబడినది. నాసికకు ఆచారలింగము, నాలుకకు గురులింగము, కన్నునకు శివలింగము, చర్మమునకు జంగమలింగము, చెవికి ప్రసాదలింగము, హృదయమునకు మహాలింగము. కన్ను చూచిన రూపము శివలింగమునకు అర్పితమై, భక్తునకు రూపప్రసాదమై తిరిగివచ్చును. ఈ యేర్పాటును బాగుగా గమనించినచో కన్ను మూసికొని భక్తి చేయుమని శరణులు చెప్పలేదని తెలియును. ఇష్టలింగపూజయే కంటితో చేయు పూజ. అఱచేతిలోని లింగమునకు నల్లని పూత పూయుటయు, ఱెప్ప వేయక దానిపై దృష్టి నిలుపుటయు కంటిని తోసివేయుటకు కాక దానికి పని నేర్పుటకే. కన్నప్ప కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పినపుడు వినువారి గుండె కరగుట యెందువలన? ఆ బోయవాడు చూచినదానిని కాక, చూచు కంటినే ఇచ్చెను.

కాబట్టి అస్తమయమును చూచి పొంగిపోవుట తప్పు కాదు. పూజకు పది నిమిషములు ఆలస్యమైనంతమాత్రమున సంగమనాథుడు అలిగిపోడు.

ఇక ఛాయాచిత్రము ఎంతైనను బొమ్మయే కదా, నిజమైన సూర్యుడు కాడే, అందలి ఆనందము నీడను పట్టుకొనుట కాదా యని మఱొక ఆక్షేపము కలదు. ఇది వినుటకు గట్టిగా నుండును కాని నిలువదు. సంగమపు ఒడ్డున నిలిచినవాడు మాత్రము ఏమి చూచుచున్నాడు? సూర్యుని వెలుగు భూమిని చేరుటకు ఎనిమిది నిమిషములకు పైగా పట్టును. అదియును గాక, క్షితిజము చెంత వెలుగు వాయుమండలములో వంగివచ్చును. ఆ వంపు సూర్యబింబపు వెడల్పుకన్న కొంచెము ఎక్కువే. కావున బింబపు అడుగు అంచు నీటిని తాకినట్లు కనబడు క్షణమున, నిజమునకు బింబమంతయు క్షితిజమునకు దిగువకు పోయియే యుండును. ఒడ్డున నున్నవాడు చూచునదియు గాలి గీసి చూపిన రూపమే. ఆ ఎఱుపుకూడ సూర్యుని సొంత రంగు కాదు. సాయంవేళ కిరణములు ఏటవాలుగా ఎక్కువ దూరము గాలిలో ప్రయాణించునపుడు నీలి వెలుగు చెదరిపోయి ఎఱుపు మిగులును. 1883లో క్రకటోవా అగ్నిపర్వతము ప్రేలినపుడు దాని ధూళి ఆకాశమున వ్యాపించి, వేలమైళ్ల దూరపు దేశములలో నెలల తరబడి అసామాన్యమైన ఎఱ్ఱని అస్తమయములు కనబడినవి. ముప్పదియాఱువేలకు పైగా ప్రాణములు పోయిన ఉత్పాతమది. దూరముననున్నవారు ఆకాశమును చూచి అబ్బురపడిరి. సుందరమైనదాని వెనుక ఏమి జరిగినదో కంటికి తెలియదు, అడిగి తెలిసికొనవలెను.

సంగమపు నీటిని గూర్చియు అంతే. సోమనాథుడు కప్పడి సంగమేశ్వరమని పేర్కొన్న ఆ క్షేత్రమున నేడు చిత్రములో కుంకుమరంగుతో మెఱయు జలరాశి పూర్వమట్లు లేదు. దిగువన నారాయణపురము వద్ద కృష్ణపై ఆనకట్ట కట్టిన తరువాత నీరు వెనుకకు నిలిచెను. ఐక్యస్థలము మునిగిపోకుండ దాని చుట్టును బావివలె గోడ కట్టి, లోనికి దిగి దర్శించుకొనునట్లు చేసిరి. కృష్ణపై ఎగువ నున్న ఆలమట్టి, దిగువ నున్న నారాయణపురము, ఈ రెండు జలాశయములక్రింద ఎన్నో ఊళ్లు మునిగెను. బాగలకోటలో పెద్దభాగమును వదలి జనులు నవనగరమునకు తరలిరి. ఆ నీరే పొలములకు పాఱి పంట లిచ్చుచున్నదనుటయు నిజమే. చిత్రమున ఇవేవియు కనబడవు. ఛాయాచిత్రము చెప్పని మాటలలో ఇంకొకటి కలదు. సూర్యునికి ఎదురుగా నిలిచి తీసినవారి నీడ వారి వెనుకకు పడును. కాబట్టి ఆ బిడ్డ తాను తీసిన చిత్రమున లేదు, ఆమె నీడయు లేదు. తండ్రి ఆ చిత్రమును పెద్దది చేసి ఎంత వెదకినను ఆమె అందు దొరకదు. నేడు సంగమమునకు పోవువారిలో పెక్కుమంది సూర్యునికి వీపు చూపి తమ ముఖములనే తీసికొని వచ్చుచున్నారు. ఈమె అట్లు చేయకపోవుట గుర్తింపదగినది.

మఱునాడు గృహస్థుని బావమరిది వచ్చెను. ఆయన తెలుగు పండితుడుగా పనిచేసి విరమించినవాడు. సంగతి విని ఆయన బావగారి పక్షమునే నిలిచెను. సౌందర్యానుభవమునకు "నాది", "వానిది" అను సంబంధములు అడ్డు కారాదని అలంకారికులు చెప్పిరి. భట్టనాయకుడు దానికి సాధారణీకరణమని పేరే పెట్టెను. రసికుడు వ్యక్తిని మరచినపుడే రసము పుట్టును. కావున చిత్రమును చిత్రముగా చూడవలెను, పంపినవారితో పని లేదు. "కాళిదాసు ఎవరి కొడుకో విచారించి మేఘదూతము చదువుచున్నామా?" అని ఆయన ప్రశ్నించెను. ఈ వాదము గృహస్థునకు ఊరట నిచ్చెను. చిత్రమును ఉంచుకొనవచ్చును, బిడ్డను గూర్చి తలపవలసిన పని లేదు.

ఆ వారముననే భిక్షకు వచ్చిన వృద్ధ జంగమయ్యగారి ఎదుట మాట మరల వచ్చెను. పాదోదక ప్రసాదముల పిమ్మట అందరును కూర్చొనియున్నపుడు బావమరిది తన వాదమును మరల విప్పి చెప్పెను. అయ్యగారు అంతయు విని నవ్వి, "కాళిదాసు మీ బావగారికి పంపలేదు కదా" అనిరి.

ఈ చిన్నమాటలో పెద్ద భేదము కలదు. ఆలయ శిల్పమును చూచి ఆనందించునపుడు చెక్కినవాని పేరు తెలియకున్నను కొఱత లేదు. అది లోకమునకు నిలిపినది. కాని చేతినుండి చేతికి వచ్చినది వేఱు. అది చూడదగిన వస్తువే కాదు, ఇయ్యబడిన వస్తువు కూడ. దాసోహమున వడ్డించిన అన్నమును తినుచు వడ్డించినవానిని నే నెఱుగనని చెప్పుట ఎట్లో, పంపబడిన చిత్రమును ఉంచుకొని పంపినవారు నాకేమియు కారనుట అట్లే. రసశాస్త్రము కావ్యమునకు చెప్పిన మాటను ఇచ్చిపుచ్చుకొను వ్యవహారమునకు తెచ్చుట పండితుని ప్రేమయే కావచ్చును, న్యాయము మాత్రము కాదు. నేటికాలమున ఉదయము లేచినది మొదలు సెల్‌ఫోనులోనికి వచ్చిపడు పూలగుత్తుల బొమ్మలన్నిటికిని ఈ నియమము అన్వయింపనక్కఱలేదు. అవి ఎవరికని పంపబడినవో పంపినవారికే తెలియదు. కాని ఆరేండ్లు మాట లేని యింటికి, తండ్రి నడచి పోజాలని సంగమమునుండి, ఆయన పూజకు కూర్చొను వేళకు వచ్చిన చిత్రము అట్టిది కాదు. అందరికిని పంపినది నిజమే. తండ్రికొక్కనికే పంపు ధైర్యము లేనివారు అందరికిని పంపుదురు.

వీరశైవమున ఈ విషయము మఱింత ఖండితముగా నున్నది. గురులింగజంగములు మూడును కలిసియే భక్తుని గమ్యము. జంగమమును త్రోసిపుచ్చి లింగమును మాత్రము పూజించువానికి ప్రసాదము లేదని శరణులు ఎలుగెత్తి చెప్పిరి. స్థావరము నశించును, జంగమము నశింపదను బసవేశ్వరుని బోధ ఆ యింటివారికి కంఠస్థమే. ఈ బోధను గుడికిని దేహమునకును అన్వయించి చెప్పుట పరిపాటి. ఛాయాచిత్రమునకును అన్వయించి చూడవచ్చును. కదలుచున్న వెలుగును ఒక క్షణమున నిలిపివేసినది చిత్రము. కావున అది స్థావరము. చట్రము కట్టి గోడకు తగిలించినచో మఱింత స్థావరము. దానిని చూచి, తీసి, పంపి, మఱుసటినాడు ఏదో బస్సెక్కి తన యింటికి మరలిపోయిన బిడ్డ జంగమము. మెడలో లింగమున్నదామె. ఆమె భర్త మెడలోను ఉన్నది. చిత్రమును పూజగదిలో నుంచుకొని ఈ యిద్దరిని గడప వెలుపల నిలుపుట ఏ ఆచారమునకు అనుకూలమో వారి తండ్రియే చెప్పవలెను.

దీక్షచే పూర్వజన్మము పోవునను మాట ఒప్పుకొనని వీరశైవుడు లేడు. ఒప్పుకొనుట సభలలో సులువు, పెండ్లిపందిటిలో కష్టము. ఈ కష్టము క్రొత్తది కాదు. కల్యాణమున బిజ్జలుడు ఇద్దరు భక్తుల కన్నులు పెఱికించెనని బసవపురాణము చెప్పుచున్నది. బ్రాహ్మణకులమునుండి వచ్చిన మధువరసుని కుమార్తెకును, చర్మకారుడైన హరళయ్య కుమారునకును శరణులు వివాహము చేయుటయే ఆ ఘోరమునకు కారణమని తరువాతి సంప్రదాయము చెప్పును. ఎందఱో శరణులు ఆ వివాహమునకై కల్యాణమును విడువవలసి వచ్చెను. తరతరములుగా ఈ కథను పురాణశ్రవణమున విని కన్నీరు పెట్టుకొను ఇండ్లలోనే, అట్టి పెండ్లి చేసికొన్న బిడ్డకు తలుపు తెఱచుకొనుట లేదు. కన్నులు కోల్పోయినవారికై ఏడ్చు కన్ను బిడ్డను చూడనొల్లకుండుట విచిత్రము.

అయినను ఒక చిత్రముతో ఆరేండ్ల గాయము మానవలెనని కోరుట మాత్రము తొందరపాటు. అయ్యగారును అట్లు కోరలేదు. బిడ్డవైపునను ఒక లోటు కలదు. చిత్రముతోడి మాట యొక్కటియు లేదు. క్షేమమా యని అడుగలేదు. తండ్రి అడుగనీయడని ఆమె తలచియుండును. సుందరమైనదానిని పంపి మాటను దాచుకొనుట నేటి కుటుంబములకు అలవాటైనది. ఇరుపక్షములకును అది సులభము. కాని సులభమైనంతమాత్రమున చిన్నది కాదు. చెప్పుటకు నోరు రానివారు చూపుటకు చేయి చాచుదురు. ఆ చేతిని విడిచి అందలి వస్తువును మాత్రము తీసికొనినచో అది ప్రసాదము కాదు, అపహరణము.

ఆ గృహస్థునకు ఈ సంగతి వాదములు వినకమునుపే తెలిసినదని తోచును. పంపినది ఎవరో తెలిసిన వెంటనే ఆయన సెల్‌ఫోనును గూటిలో పెట్టెను. ఆ సాయంకాలము లింగముపై దృష్టి నిలువలేదు. అర్పింపనిదానిని భోగింపరాదను నియమము ఎంత పాతుకొనినదో దీనివలన తెలియును. ఆయన ఆ రూపమును శివలింగమునకు అర్పింపబోయినపుడు దానితోపాటు ఒక ముఖము వచ్చియుండును. ముఖమును విడిచి రూపమును అర్పింపజాలకపోయెను. ముఖమును అర్పించుటకు మనసొప్పలేదు. పండితుని సాధారణీకరణము ఊరట నిచ్చినదే కాని, తరువాతి దినములలోను ఆయన ఆ చిత్రమును అడిగి చూడలేదని భార్య జంగమయ్యగారితో చెప్పెను.

అయ్యగారు పోవుచు గృహస్థునితో పలికిన మాట ఒక్కటియే. మునుపు రెండుమారులు సంగమమునకు పోయినపుడు నీరు ఎచటివరకు ఉండెనని అడిగిరి. ఆయన చాలసేపు జ్ఞప్తికి తెచ్చుకొని, మొదటిమారు పోయినపుడు పెద్ద బిడ్డ చంకలో నుండెననియు, తడియిసుకలో ఆమెను నిలువబెట్టి కృష్ణనీటిని నెత్తిన చల్లితిననియు చెప్పెను. ఆరేండ్లలో ఆమెను గూర్చి ఆయన నోట వచ్చిన మొదటిమాట అది. భార్య వంటింటి గుమ్మమున నిలిచి వినెను.

నాలుగు దినముల తరువాత చిన్న కుమారుడు, చట్రము కట్టువాడు కొలత అడుగుచున్నాడు, ఎంత పెద్దది కావలెనని తండ్రిని అడిగెను. తండ్రి ఇష్టలింగమును వస్త్రమున చుట్టుచు, "తీసినదానిని అడిగి కట్టించు" అనెను.

కుమారుడు అక్కకు ఫోను చేయుటకు వాకిటిలోనికి పోబోగా, "ఇక్కడనుండియే చేయి" అని తండ్రి చెప్పెను.